కొట్టంలో లేని బర్రె

మా వైపు అప్పులు తీర్చలేని మనిషి కోర్టుకు పోతే "ఐపీ పెట్టిండు" అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతు కొంచెం తగ్గిస్తారు, మూతి ఒక పక్కకు తిప్పుతారు. ఐపీ అంటే దివాలా అర్జీ అని, దానికి ఒక చట్టం ఉందని, అప్పు తీసుకున్నవాడి మీద ఆ చట్టం పెట్టే బరువులు చాలా ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. అంతకు ముందు నాకు తెలిసింది ఒకటే. ఐపీ పెట్టేవాడు బంగారం దాచి, ప్లాటు బామ్మర్ది పేరు మీదికి మార్చి, ఇస్త్రీ చొక్కా వేసుకొని కోర్టు మెట్లెక్కుతాడు. ఇస్నాపూర్‌లో అందరికీ తెలిసిన ఐపీ అదే. అందుకే నేను ఐపీ పెడుతున్నానని తెలిసినప్పుడు మా గల్లీలో ఎవరూ ఎంత పోగొట్టుకున్నావని అడగలేదు. ఎంత దాచావని అడిగారు.

నేను నడిపింది మెస్సు. కిరాయి గదుల మధ్య రేకుల షెడ్డు, రెండు పెద్ద పొయ్యిలు, గోడకు ఆనించి బల్లలు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్ళు నా దగ్గర తినేవారు. వాళ్ళ కోసమే చపాతీలు చేయడం నేర్చుకున్నాను. చాలామందిని ఒకే లేబర్ కాంట్రాక్టరు తీసుకొచ్చాడు. వాళ్ళ తిండి ఖర్చు నెలకోసారి అతనే ఇచ్చేవాడు. మొదట సరిగ్గానే ఇచ్చాడు. తర్వాత సగం ఇచ్చి, మిగిలింది వచ్చే నెల అన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఇంకో కాంట్రాక్టరును పెట్టుకోవడంతో ఇతను తన మనుషులను వ్యాన్లలో ఎక్కించుకొని ఎటో వెళ్ళిపోయాడు. ఫోను ఎత్తడం మానేశాడు. అప్పటికి నేను కిరాణా కొట్టులో బాకీ ఉన్నాను. చిట్టీ ముందే ఎత్తుకొని వాడేశాను. షెడ్డు కోసం ఒక ఫైనాన్సులో అప్పు తీసుకొని ఉన్నాను. ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర తెచ్చి కొంతకాలం నెట్టుకొచ్చాను. ఆ తర్వాత తేవడానికి ఎవరూ మిగలలేదు.

ఫైనాన్సు మనుషులు పొద్దున్నే వచ్చి మెస్సు బల్ల మీద కూర్చునేవారు. తిట్టేవారు కాదు. కూర్చునేవారు, అంతే. తినడానికి వచ్చినవాళ్ళు వాళ్ళను చూసి పక్క హోటలుకు పోయేవారు. నా భర్త ఒక గోదాములో కాపలా ఉద్యోగం చేసేవాడు. నడుము దెబ్బతిన్న మనిషి. డ్యూటీ దిగి వచ్చి వాళ్ళకు ఎదురుగా నిలబడలేక వెనక సందులోంచి ఇంట్లోకి వచ్చేవాడు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. గంగాళాలు, ఫ్రిజ్జు మా తమ్ముడికి అమ్మినట్టు పాత తారీకుతో కాగితం రాసుకోమన్నారు. లేని అప్పు ఒకటి ఉన్నట్టు చూపిస్తే ఆ వాటా మళ్ళీ మనకే వస్తుందని ఒకాయన వేళ్ళు మడిచి లెక్కచెప్పాడు. వాళ్ళంతా మంచి మనసుతోనే చెప్పారు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. చెడ్డవాడు చెప్తే కాదనడం సులువు.

మా పొదుపు సంఘంలోని ఒకామె నన్ను సంగారెడ్డి కోర్టు దగ్గర ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయింది. వకీలు కూడా ఆడమనిషే. ఆమె తండ్రి కోస్తా నుంచి బీరంగూడ పక్కనున్న పెద్ద సర్కారు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం అమ్మానాన్నలదే. నేను చెప్పినదంతా విని ఆమె అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది.

"చూడండమ్మా, మీ దగ్గర ఏముందో అంతా చెప్పండి. దేనికీ పనికిరాదనుకున్నది కూడా చెప్పండి. ఏది తీసుకోవాలో ఏది మీకు వదిలెయ్యాలో చట్టం చూసుకుంటుంది. ఆ పని మీరు చేశారంటే అర్జీ కొట్టేస్తారు, పైగా దాచినందుకు మీ మీద కేసవుతుంది. జైలు కూడా పడొచ్చు."

మెడలో పుస్తెల సంగతి అడిగాను. రాయాలి, కానీ తీసుకోరు అంది. ఇంట్లో వండుకునే గిన్నెలు తీసుకోరు, మెస్సు గంగాళాలు తీసుకుంటారు. చివరకు అడిగింది, పొలం, ప్లాటు, బండి, పశువులు ఏమైనా ఉన్నాయా అని. లేవు మేడం అన్నాను. అబద్ధం చెప్పానని అనుకోలేదు.

కొన్నాళ్ళకు సంతకాలకు పిలిచారు. నేను చదువుకోవడానికి వీలుగా అర్జీని తెలుగులో కూడా తయారుచేయించింది ఆమె. గుమాస్తా ఒక్కో పేజీ తిప్పి సంతకం చోట పెన్సిలు గుర్తు పెట్టి ఇచ్చాడు.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. పొదుపు సంఘం ఆడవాళ్ళకు సాయంత్రాలు బడి గదిలో నేర్పేవారు. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చొని నేర్చుకున్నాం. నాకు ఇప్పటికీ వేలు పెడితేగాని చదవడం రాదు. ఒక్కో అక్షరం కలుపుకుంటూ పోవాలి. బాగా చదివినవాళ్ళలాగా పై పైన చూసి వదిలేయడం నాకు చేతకాదు. గుమాస్తాకు ఫైలింగు టైము అయిపోతోంది.

"అమ్మా, మేడం సూసింది అంతా. నువ్వు సంతకాలు పెడితే నేను ఉరకాలె."

"జెర ఆగు అన్నా," అని చదువుతూనే ఉన్నాను. ఆస్తుల జాబితా మూడో పేజీలో ఉంది. గంగాళాలు ఉన్నాయి. ఫ్రిజ్జు ఉంది. పుస్తెలు ఉన్నాయి. వాటి కింద ఒక వరస: పశువులు, మేకలు, గొర్రెలు: ఏమీ లేవు. నా వేలు అక్కడ ఆగింది.

నాకు ఒక బర్రె ఉంది.

మెస్సు బాగా నడిచిన రోజుల్లో కొన్నాను. కొని, జోగిపేట అవతల ఊర్లో ఉన్న మా వదినెకు, అంటే నా భర్త అక్కకు, సగం పాలుకు ఇచ్చాను. పాలుకు ఇవ్వడమంటే వాటాకు ఇవ్వడం. కొన్నది నేను. మేపేది, కడిగేది, పిండేది ఆమె. పాల డబ్బంతా ఆమెదే. మొదటి దూడ ఆమెకు, రెండో దూడ నాకు; నా వంతు దూడ పుట్టిన వారానికే చచ్చిపోయింది. బర్రెను ఎప్పుడైనా అమ్మితే ధరలో చెరి సగం. దీనికి కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఇంకో మర్యాద కూడా ఉంది. పాలుకు ఇచ్చినవాళ్ళు "నా బర్రె" అనకూడదు. మేపే మనిషి ముందు అలా అంటే నీ కష్టం నాకు లెక్కలేదు అన్నట్టు. అందుకని నేను కొన్న రోజు నుంచీ దాన్ని వదినె బర్రె అనే అన్నాను. వదినె బర్రె ఈనింది, వదినె బర్రె వట్టిపోయింది. ఏళ్ళ తరబడి అలా అని అని, వకీలు మేడం అడిగినప్పుడు నాకు పశువులు లేవని నోటి నుంచి దానంతటదే వచ్చింది.

కలం కింద పెట్టేశాను. "అన్నా, నాకొక బర్రె ఉన్నది," అన్నాను.

గుమాస్తా నవ్వాడు. "ఇస్నాపూర్ల బర్రె యాడిదమ్మా? రూముల కట్టేసినవా?"

వకీలు మేడం లోపలి నుంచి పిలిచింది. ఆమెకు ఈ పాలు పద్ధతి తెలియదు. రెండుసార్లు చెప్పించుకుంది. మొదటి దూడ ఎవరిది, ఇప్పుడు ఎక్కడుంది అని అడిగి రాసుకుంది. "మీ వాటా దాచకండి. ఆమె వాటా మీదిగా రాయకండి. రెండూ తప్పే," అంది. ఆ వరస మార్చి మళ్ళీ టైపు చేయిస్తానంది. నేను ఒక వారం గడువు అడిగాను. కోర్టు కన్నా ముందు వదినెకు చెప్పాలి కదా.

మా వదినెకు భర్త పోయాడు. పొలం లేదు. ఒక్కతే బిడ్డ, ఆ కూతుర్ని పక్క ఊరికే ఇచ్చి పెళ్ళిచేసింది. పాల కేంద్రం నుంచి వచ్చే డబ్బుతోనే షుగర్ గోలీలు, పొయ్యి మీదికి ఉప్పూ పప్పూ. నేను ఆ జాబితాలో ఒక వరస రాస్తే ఆమె పొద్దున లేచి చేసుకునే పనే పోతుంది. రాయకపోతే ఎవరికీ తెలియదు. నిజంగానే తెలియదు. ఆ సంగతే నన్ను నిలబడనివ్వలేదు.

జోగిపేట బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. వదినె కొట్టం ఊడుస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టగానే చీపురు ఆపింది. అంతా విన్నాక అడిగింది.

"అడగనీకె వచ్చినవా, చెప్పనీకె వచ్చినవా?"

నేను చీపురు అందుకోబోతే ఇవ్వలేదు.

"ఎవలకెరుకనే? దాని చెవికి సర్కారోళ్ల పసుపు బిళ్ల ఉన్నది, దాని మీద నంబరే, నీ పేరు లేదు. నీ నోట్లెకెళ్లి రాకుంటె ఏ కోర్టుకెరుక?"

పోయినేడాదే తనకు అమ్మినట్టు కాగితం రాయమంది. తారీకు వెనక్కి వేస్తే సరిపోతుందంది. ఇస్నాపూర్‌లో చెప్పిన సలహా ఆ ఊరికి నాకన్నా ముందే చేరింది. దొంగ తారీకు వేస్తే ఇంకా పెద్ద తప్పని, దగ్గరివాళ్ళకు ఇచ్చినవి కోర్టు ఏళ్ళ వెనక్కి పోయి తవ్వుతుందని చెప్పాను. రేపు నిన్ను కూడా పిలిచి ప్రమాణం చేయిస్తే నా కోసం బోనులో నిలబడి అబద్ధం చెప్తావా అన్నాను.

"నీ కోసం ఎందుకు జెప్త? బర్రె కోసం జెప్త," అంది.

నేను చపాతీలు చేసుకొచ్చాను. ముట్టలేదు. మామూలుగానే ఆమెకు అవి పడవు, బీహారోళ్ళ రొట్టెలు అంటుంది. కానీ ఏదో ఒక మాట అని పక్కన పెట్టేది. ఆ రోజు మాట కూడా అనలేదు. వచ్చేటప్పుడు ఎప్పుడూ ఒక డబ్బాలో మీగడో నెయ్యో కట్టి ఇచ్చేది. అదీ లేదు. బస్సులో ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకొని వచ్చాను.

అర్జీ వేశాం. అప్పు ఇచ్చినవాళ్ళందరికీ నోటీసులు పోయాయి. పేపర్లో పడింది. కిరాణా కొట్టు పెద్దాయన నోటీసు తీసుకున్న రోజు నేను ఆ దారిన పోలేక చుట్టు తిరిగి పోయాను. తర్వాత ఎదురుపడితే ఆయన అన్నది ఒక్కటే, "నాకు ముందుగాల్నే జెప్తె అయిపోతుండె గద అమ్మా." ఆయనకు విడిగా కొంచెం కొంచెం ఇచ్చేద్దామని నాకూ ఉండేది. కానీ ఒకరికి చాటుగా ఇవ్వడం మిగతావాళ్ళ వాటా తీసి ఇవ్వడమే అవుతుందని మేడం ముందే ఆపేసింది. మంచితనానికి కూడా కోర్టు అడ్డం వచ్చినట్టు అనిపించింది.

మొదటి వాయిదాకు ఫైనాన్సు వాళ్ళ వకీలు లేచి, ఈమె చాలా దాచిందని మా అనుమానం అన్నాడు. ఇస్నాపూర్‌లో అందరూ అనేదే ఆయనా అన్నాడు, నల్లకోటు వేసుకొని. జాబితాలో రాసినవన్నీ రాసిన చోట ఉన్నాయో లేదో చూసి రమ్మని కోర్టు ఒక రిసీవరును పెట్టింది. ఆయన కూడా వకీలే, వయసు మళ్ళినాయన. ముందు మెస్సు చూశాడు, గంగాళాలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, శనివారం వచ్చి బర్రెను చూస్తానన్నాడు.

శుక్రవారం పొద్దున్నే నేను ఊరికి పోయాను. వదినెకు ముందే చెప్పి ఉంచితే నయమనుకున్నాను. వాకిట్లోకి అడుగుపెట్టి కొట్టం వైపు చూశాను. దూడ ఉంది. దూడంటే పెద్దదే, ఎదకొచ్చిన పెయ్య. బర్రె గుంజ దగ్గర ఏమీ లేదు. పలుపు కూడా లేదు.

వదినె అరుగు మీద కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"వదినె, బర్రె ఏది?"

"అమ్మిన."

"ఎవలకు?"

"బేరగానికి."

"ఎప్పుడు?"

"మొన్న."

నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. రేపు రిసీవరు వస్తాడు. జాబితాలో బర్రె ఉంటుంది, కొట్టంలో ఉండదు. రాయకుండా ఉన్నా ఒక తీరు. ఇప్పుడు రాసి, అర్జీ వేశాక మాయం చేసినదాన్ని అవుతాను. నా చేత కాదు, వదినె చేత జరిగిందని చెప్పాలి. చెప్తే ఆమెను కోర్టుకు ఈడ్చినట్టు. చెప్పకపోతే నేను దొంగ. ఫైనాన్సు వకీలు ముఖం కళ్ళ ముందు కనిపించింది. జైలనే మాట మేడం నోటి నుంచి ఎంత మామూలుగా వచ్చిందో గుర్తొచ్చింది. ఇదంతా వదినెకు చెప్పాను. ఎంత చెప్పినా ఆమె చేట మీంచి తల ఎత్తలేదు.

"చాయ తాగుతవా?" అని లోపలికి పోయింది.

చాయ తెచ్చి నా చేతికిచ్చింది. తాగుదామని ఎత్తితే పెదవికి మీగడ తగిలింది. మా వదినె పాలు పిడకల పొయ్యి మీద కాస్తుంది. ఎర్రగా అయి, కొంచెం పొగవాసన వేస్తాయి. ఆ చాయకు అదే వాసన. ఇంకో గుక్క తాగాను.

"వదినె, చాయల పాలు యాడియి?"

"పాకిట్ పాలు."

"పాకిట్ పాలు గిట్ల మీగడ కడ్తయా?"

ఆమె నా చేతిలోని గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది.

"మీగడ తీసి పొయ్యాల్సింది," అంది చివరికి.

నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చి చాయ పొలమారింది. ఆమె వీపు తట్టింది. అప్పుడు చెప్పింది. నోటీసుల సంగతి విన్న దగ్గరనుంచి బర్రెను పక్క ఊర్లో బిడ్డ ఇంట్లో కట్టేసింది. కానీ అది ఇంకెవరి చేతికీ పాలివ్వదు. అందుకని రోజూ పొద్దున్నే చీకట్లో ఆ ఊరిదాకా నడిచి, పిండి, కేంద్రంలో పోసి, ఇంటికి కొన్ని తెచ్చుకుంటోంది. ఆ మోకాళ్ళతో. దాచడం కూడా ఆమెకు సుఖంగా లేదు.

"నేను అమ్మిన అంటె నీ తప్పేముంటదే? నామీద ఏస్తరు. నన్నేం జేస్తరు, ముసల్దాన్ని," అంది.

"నీ మీద పడేటట్లు నేను జేస్తనా?" అన్నాను. ఆ తర్వాత అన్నది నేను ముందే అనుకొని అన్నది కాదు. "వదినె, నాకు సదువు రానప్పుడు ఎవలేం రాసినా వేలిముద్ర ఏసిన. తప్పుంటె రాసినోళ్లది. ఇది నేను సదివి సంతకం పెట్టిన. బర్రె గీ కొట్టంల ఉన్నదని నేను రాసిన. గిప్పుడు అది ఈడ లేకుంటె, ఆ తప్పు ఇంకెవలదీ కాదు."

ఆమె చేటలోని బియ్యం డబ్బాలో పోసింది. మూత పెట్టింది.

"సదువు నేర్చి ఏం సంపాయించినవే?" అంది. "ఉన్న ఒక్క బర్రెను పోగొట్టినవ్."

ఆమె దండెం మీది తువ్వాలు తీసి నెత్తిన వేసుకొని, చేతికర్ర పట్టుకొని వాకిట్లోకి దిగింది. "నడువు మల్ల. ఎండెక్కితె అది గుంతల పంటది, లేవది."

పక్క ఊరికి పోయి బర్రెను విప్పుకొని వచ్చాం. వదినె ముందు, బర్రె మధ్యలో, నేను వెనక. దారిలో నీళ్ళు కనిపించిన ప్రతి చోటా అది ఆగింది. ఆగినప్పుడల్లా ఇంకెక్కడికైనా పోతుందేమోనని దాని పక్కకు పోయి నిలబడేదాన్ని. ఎదురుపడినవాళ్ళు యాడికి తోలుకపోతున్నరని అడిగితే వదినె ముఖం తిప్పకుండా "కోర్టుకు" అనేది. ఒకరిద్దరు నిజమనుకున్నారు. గుంజకు కట్టి రెండు ముళ్ళు వేసేదాకా నేను మంచినీళ్ళు తాగలేదు.

ఆ రోజు అక్కడే ఉండిపోయాను. ఆమె జొన్నరొట్టె చేసి నా ముందు పెట్టింది.

మరునాడు రిసీవరు కారులో వచ్చాడు. ప్యాంటు అంచులు పైకి మడిచి, పేడ తొక్కకుండా చూసుకుంటూ కొట్టం దగ్గరికి వచ్చాడు. చెవి బిళ్ల మీది నంబరు రాసుకున్నాడు. పాలు పద్ధతి గురించి వదినెను అడిగితే ఆమె నేను చెప్పినట్టే చెప్పింది. పెయ్య వైపు చూసి, ఇది కూడానా అన్నాడు. "గది నాది సారు. తొలిసూరుది. మేపినోళ్లది తొలి దూడ, గిది ఊరందరికెరుక," అంది వదినె. నా అర్జీలోనూ అలాగే ఉంది. ఆయన కాగితాలు తిప్పి చూసుకొని తల ఊపాడు.

ఇక పోతాడనుకున్నాను. గుంజ దగ్గర నేలను బూటు కొసతో గీకాడు. "ఇక్కడ బాగా ఎండిపోయి ఉన్నదేందమ్మా? రోజూ ఈడనే కడ్తరా?"

వదినె నా వైపు చూసింది. ఒక్క మాట చాలు, అవును సార్ అని. ఆయనకు తిరిగిపోయే తొందర కూడా ఉంది. బర్రె ఉంది, పలుపు ఉంది, జాబితాలో రాసినట్టే అంతా ఉంది. ఇక ఈ ఒక్క మాటతో ఎవరికీ పోయేది ఏమీ లేదు. ఇలాగే అనుకొని ఉంటారు, గంగాళాలు తమ్ముడికి రాయమన్నవాళ్ళు కూడా.

"లేదు సార్," అన్నాను. "తీస్కపోతరని భయపడి మా వదినె కొన్నాళ్లు బిడ్డ ఇంట్ల కట్టేసింది. నాకు నిన్ననే ఎరుకైంది. పోయి తోలుకొచ్చినం."

ఆయన వదినెను చూశాడు. వదినె నన్ను చూసిన చూపు నేను రాయలేను.

"అవును సారు," అందామె. "దాస్తె దాగనిచ్చేటట్లు లేకుండె గీమె."

ఆయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు. చాలా సేపు రాసుకున్నాడు. ఏం రాశారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కారు మలుపు తిరిగాక వదినె లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసింది. నేను బస్సుకు నడిచాను.

ఆయన రాసిన నివేదిక కోర్టులో తెరిచేదాకా నేను మనిషిని మనిషిలా లేను. ఫైనాన్సు వకీలు ఆ వాక్యమే పట్టుకున్నాడు. చూడండి, ఆస్తి కదిలించారని. జడ్జిగారు నివేదిక చదివి, కదిలించిన సంగతి చెప్పిందెవరు అని రిసీవరును అడిగారు. అర్జీదారే అన్నాడు ఆయన. జడ్జిగారు మళ్ళీ కాగితంలోకి చూసి తర్వాతి విషయానికి పోయారు. అంతే. మెచ్చుకోలేదు, తిట్టలేదు. నా చీర కొంగు అప్పటికి పిండి పిండి తాడులా అయిపోయింది.

నన్ను దివాలాదారుగా ప్రకటించారు. మెస్సు సామాను పోయింది. బర్రెలో నా సగానికి సరిపడా డబ్బు కడితే వదినె దాన్ని ఉంచుకోవచ్చని రిసీవరు చెప్పాడు. ఆమె దగ్గర లేదు. నా దగ్గర ఉన్నదేదీ ఇక నాది కాదు. నా భర్త తన జీతంలోంచి అక్కకు సాయం చేయాలని చూశాడు కానీ ఆ జీతం కిరాయికి, తిండికే సరిపోయేది. బర్రెను జోగిపేట అంగడిలో అమ్మారు. ఇంకెవరి వెంట నడవదని వదినే అంగడిదాకా తోలుకుపోయిందట. ఆమె సగం ఆమెకు ఇచ్చారు. పలుపు మాత్రం అమ్మనని ఇంటికి తెచ్చుకుందట.

ఆ తర్వాత చాలా కాలం వదినె మా ఇంటికి రాలేదు. తన తమ్ముడితో, అంటే నా భర్తతో, ఫోన్‌లో మాట్లాడేది. నేను దగ్గరున్నట్టు తెలిస్తే పెట్టేసేది. నేను ఇంకొకరి క్యాంటీన్‌లో వంటకు కుదిరాను. కూలి దొరుకుతుంది. నా కేసు ఇంకా పూర్తి కాలేదు. అప్పుల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా కొత్తగా ఏమి వచ్చినా చెప్పాలని మేడం హెచ్చరించింది. అందుకే ఎవరైనా ఏదైనా ఇస్తే పుచ్చుకోవడానికి చేయి వెనక్కి పోయేది. పండక్కి మా తమ్ముడు చీర పెడితే కూడా ఫోన్ చేసి అడిగాను. గుమాస్తా విసుక్కున్నాడు.

మొన్న వాన పడే రోజున, ఆ ఊరి నుంచి పటాన్‌చెరుకు షిఫ్టుకు వచ్చే ఒకతను స్టీలు డబ్బా ఒకటి గోదాము దగ్గర నా భర్తకు ఇచ్చిపోయాడు. మూతకు గుడ్డ కట్టి ఉంది. విప్పితే జున్నుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా ఉన్నాయి. పెయ్య ఈనిందన్నమాట. మొదటి ఈత పాలు అయినవాళ్ళకు పంపడం వదినె ఎన్నడూ మానలేదు. మాకు పంపుతుందని మాత్రం నేను అనుకోలేదు.

"ఏమన్నదట?" అని అడిగాను.

నా భర్త ముఖం మామూలుగా పెట్టడానికి కష్టపడుతున్నాడు. "దీన్ని గూడ కోర్టుల రాసుకోమన్నదట," అన్నాడు.

బెల్లం, మిరియాల పొడి వేసి ఆవిరి మీద పెట్టాను. అది గట్టిపడేదాకా పొయ్యి దగ్గరే కూర్చున్నాను. నిజంగానే రాయాలా అన్న అనుమానం ఒకటి లోపల తిరుగుతూనే ఉంది. చేతిలోకి ఫోన్ తీసుకొని మళ్ళీ పెట్టేశాను. ఇద్దరం కలిసి తిన్నాం. పొగవాసన అలాగే ఉంది.

డబ్బా కడిగి ఆరబెట్టాను. మా ఇళ్ళలో వచ్చిన గిన్నెను ఖాళీగా పంపరు. ఏం పెట్టి పంపాలా అని ఇల్లంతా చూశాను. కనిపించిన ప్రతి వస్తువునూ ఇది జాబితాలో ఉన్నదా లేదా అని ఆలోచించాను. చివరకు ఆ వారం కూలితో కొన్న గోధుమపిండి తీసి, చపాతీలు చేసి డబ్బా నింపాను. వదినెకు అవి పడవని తెలుసు. ఏదో ఒక మాట అంటుంది. అననీ అని మూతకు గుడ్డ కట్టాను.